అక్షరం దగ్గర ఆగిన బాల్యం: ప్రాథమిక పాఠశాలలో అభ్యసన వైకల్యం, తోడ్పాటు – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

ప్రాథమిక పాఠశాలలో చదవడం, రాయడం, లెక్కించడం దగ్గర వెనకబడే పిల్లలకు అందవలసిన తోడ్పాటు ఆచరణలో వైకల్య ధ్రువపత్రం చుట్టూ తిరుగుతోంది. వికలాంగుల హక్కుల చట్టం, 2016 పాఠశాలపై ఉంచిన బాధ్యత మాత్రం ధ్రువపత్రం కంటే ముందే మొదలవుతుంది. ఈ ఎడం ఎక్కడ ఏర్పడిందో, తెలుగు లిపి స్వభావాన్నీ పిల్లల ఇంటిభాషనూ గమనించని గుర్తింపు పద్ధతులు దానిని ఎలా పెంచుతున్నాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. గుర్తింపు వచ్చాక బోధన అనే క్రమాన్ని తిరగవేసి, బోధన ద్వారానే గుర్తింపుకు చేరాలని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: అభ్యసన వైకల్యం, సహిత విద్య, భవిత కేంద్రాలు, తెలుగు లిపి, గుణింతం, ఒత్తులు, డిస్లెక్సియా, ప్రాథమిక విద్య.

1. ఉపోద్ఘాతం:

బడిలో చేరిన పిల్లలందరికీ అక్షరం ఒకే వేగంతో పట్టుబడదు. ఒకరు మొదటి ఏడాదిలోనే గుణింతం దాటుతారు. మరొకరు మూడో తరగతి ముగుస్తున్నా ‘కి’కీ ‘కీ’కీ తేడా తేల్చుకోలేక తడబడతారు. మొదటి పిల్లవాడికి ఏం చేయాలో బడికి తెలుసు. రెండో పిల్లవాడికి ఏం చేయాలన్న ప్రశ్న దగ్గరే ప్రాథమిక విద్య సత్తా తేలుతుంది.

వెనకబాటుకు కారణాలు అనేకం. పాలమూరు, అనంతపురం వంటి ప్రాంతాల నుంచి పనులకోసం వలసవెళ్లే కుటుంబాల పిల్లలు నెలల తరబడి బడికి దూరమవుతారు. కోయ, గోండి, లంబాడీ మాట్లాడే ఇళ్ల పిల్లలు కొత్త భాషనూ కొత్త లిపినీ ఒకేసారి ఎదుర్కొంటారు. చూపు మందగించిన పిల్లవాడు నల్లబల్ల మీది అక్షరాలను సరిగా ఎక్కించుకోలేడు. వినికిడి కొద్దిగా తగ్గిన పిల్ల పరధ్యానంగా ఉందన్న పేరు తెచ్చుకుంటుంది. ఇవన్నీ అభ్యసనకు ఎదురయ్యే అడ్డంకులు. వీటికి భిన్నంగా, తెలివితేటలు, హాజరు, బోధన, చూపు, వినికిడి అన్నీ సరిగా ఉన్నా భాషను లేదా సంఖ్యను గ్రహించే ప్రక్రియలోనే ఇబ్బంది ఉండటం నిర్దిష్ట అభ్యసన వైకల్యం. చదవడంలో కనిపిస్తే డిస్లెక్సియా, రాతలో అయితే డిస్గ్రాఫియా, లెక్కల్లో అయితే డిస్కాల్కులియా అని వ్యవహారం.

తరగతి గదిలో ఈ రెండు రకాల పిల్లలూ ఒకేలా కనిపిస్తారు. ఇద్దరూ చదవలేరు. ఎవరి ఇబ్బంది ఏదో తేల్చుకున్న తరువాతే సాయం చేయాలన్న నియమం పెట్టుకుంటే, తేల్చేవారు వచ్చేదాకా ఇద్దరికీ సాయం అందదు.

2. పేరు – దాని వెనుక చూపు:

1887లో జర్మన్ నేత్రవైద్యుడు రుడాల్ఫ్ బెర్లిన్ ‘డిస్లెక్సియా’ అనే మాటను వాడాడు. 1896లో ప్రింగిల్ మోర్గన్ అనే ఆంగ్ల వైద్యుడు, తెలివైనవాడై ఉండీ చదవలేకపోయిన పద్నాలుగేళ్ల బాలుని గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశాడు. తెలివికీ చదువుకూ విడదీయరాని బంధం ఉందన్న నమ్మకానికి అది తొలి దెబ్బ. 1963లో అమెరికా విద్యావేత్త శామ్యూల్ కర్క్ ‘అభ్యసన వైకల్యాలు’ అనే పేరును ప్రచారంలోకి తెచ్చాడు.

తెలుగు బడిలో ఈ పిల్లలకు ఇంకా పాత పేర్లే ఉన్నాయి. మొద్దు, శుంఠ, మందబుద్ధి అనే మాటలు తిట్లుగానే కాక నిర్ణయాలుగా కూడా పనిచేస్తాయి. ఆ మాట పడ్డాక పిల్లవాడు వెనక బల్లకు మారతాడు. వెనక బల్లకు మారినవాడిని చదవమని అడగడం తగ్గుతుంది.

ప్రభుత్వ వ్యవహారంలో ‘వికలాంగులు’ అనే మాటకు బదులుగా ‘దివ్యాంగులు’, ఆంధ్రప్రదేశ్‌లో ‘విభిన్న ప్రతిభావంతులు’ అనే మాటలు వచ్చాయి. కించపరచకూడదన్న ఉద్దేశం మంచిదే. అయితే ‘ప్రతిభ’ అన్న మాట అవసరాన్ని కప్పివేస్తుంది. గుణింతం రాని పిల్లవాడికి దాగి ఉన్న ప్రతిభ ఏదో ఉండి తీరాలన్న షరతు ఎందుకు? అతడికి చదవడం రావాలి. ఆ హక్కు ప్రతిభ మీద ఆధారపడేది కాదు.

3. చట్టం చెప్పిన మాట – ఆచరణ విన్న మాట:

1995 నాటి వికలాంగుల చట్టం ఏడు రకాల వైకల్యాలను గుర్తించింది. అభ్యసన వైకల్యం వాటిలో లేదు. 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులోకి వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం, 2016 ఆ సంఖ్యను 21కి పెంచి, నిర్దిష్ట అభ్యసన వైకల్యాలను అందులో చేర్చింది. ఈ చట్టంలోని 16వ సెక్షన్ విద్యాసంస్థల బాధ్యతలను వివరిస్తుంది. పిల్లల్లో అభ్యసన వైకల్యాలను వీలైనంత త్వరగా కనిపెట్టి, వాటిని అధిగమించేందుకు తగిన బోధనాపరమైన చర్యలు తీసుకోవడం అందులో ఒకటి. ఇక్కడ బాధ్యత బడిది. చర్య బోధనకు సంబంధించినది. వ్యవధి ‘వీలైనంత త్వరగా’. ధ్రువపత్రం ప్రస్తావన ఈ బాధ్యతలో లేదు.

2018 జనవరిలో వెలువడిన వైకల్య మదింపు మార్గదర్శకాలు దీనిని మరో దారి పట్టించాయి. మూడో తరగతిలో గానీ ఎనిమిదేళ్ల వయసులో గానీ, ఏది ముందైతే అప్పుడు, ఉపాధ్యాయులు ప్రాథమిక పరిశీలన జరపాలన్నాయి. ధ్రువీకరణను ఎనిమిదేళ్లు నిండినవారికే పరిమితం చేశాయి. వైద్యపరంగా దీనికి కారణం ఉంది. అక్షరాలు నేర్చుకుంటున్న దశలో తడబాటు సహజం కనుక తొందరపడి ముద్ర వేయకూడదు. ముద్ర విషయంలో ఈ జాగ్రత్త సరైనదే. సాయం విషయంలోనూ అదే జాగ్రత్త పాటించడం దగ్గర పొరపాటు జరుగుతోంది.

2021 జూలైలో ప్రారంభమైన నిపుణ్ భారత్ కార్యక్రమం, మూడో తరగతి ముగిసేసరికి పిల్లలందరూ అర్థంచేసుకుంటూ చదవగలగాలని లక్ష్యం పెట్టుకుంది. తెలంగాణలో 2022లో మొదలైన ‘తొలిమెట్టు’ కూడా మౌలిక అక్షరాస్యత, గణనాల కోసమే. ఈ రెండు విధానాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విచిత్రం బయటపడుతుంది. ఒక విధానంలో మూడో తరగతి గమ్యం, మరొక దానిలో మూడో తరగతి ఆరంభం. చదవడం పూర్తిగా వచ్చి ఉండాల్సిన ఏడాదిలోనే, చదవలేని పిల్లవాడి వైపు వ్యవస్థ మొదటిసారి అధికారికంగా చూస్తుంది.

ఉపాధ్యాయుల నియామకంలోనూ ఇదే చిక్కు. రజనీశ్ కుమార్ పాండే కేసులో 2021లో సుప్రీంకోర్టు ప్రత్యేక ఉపాధ్యాయుల నిష్పత్తిని నిర్ణయించాలని ఆదేశించింది. తదనుగుణంగా ప్రాథమిక స్థాయిలో ప్రతి 10 మంది వైకల్యం గల విద్యార్థులకు ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలన్న ప్రమాణం 2022లో వచ్చింది. ఆ పదిమందిలో లెక్కకు వచ్చేది గుర్తింపు పొందినవారే. చక్రాల కుర్చీ, వినికిడి యంత్రం లెక్కవేసేవారి కంటికి కనిపిస్తాయి. ‘రాత్రి’ అన్న మాట దగ్గర రెండు నిమిషాలు ఆగిపోయే పిల్లవాడు కనిపించడు. కనిపించనివారు లెక్కలో చేరరు, లెక్కలో లేనివారికోసం పోస్టు మంజూరు కాదు, పోస్టు లేనిచోట గుర్తించేవారుండరు. ఈ వలయం తనంతట తాను తెగదు.

4. తెలుగు లిపి – తప్పుల స్వభావం:

డిస్లెక్సియా అనగానే చాలామందికి తలకిందులైన అక్షరాలు గుర్తుకొస్తాయి. 1920లలో అమెరికా వైద్యుడు శామ్యూల్ ఆర్టన్ అక్షరాల తారుమారుకు ఇచ్చిన ప్రాధాన్యం ఈ భావన వెనుక ఉంది. ఇంగ్లీషులో బి, డి అక్షరాలు అద్దంలో ప్రతిబింబాల్లా ఉంటాయి కనుక అక్కడ ఆ తికమక ప్రస్ఫుటంగా కనిపిస్తుంది. తెలుగులో అలాంటి జంటలు దాదాపు లేవు. తారుమారు కోసమే వెతికే ఉపాధ్యాయునికి తెలుగు పిల్లవాడి ఇబ్బంది కంటపడదు.

తెలుగు పిల్లవాడు చిక్కుకునే చోట్లు వేరు. మొదటిది పోలికగల అక్షరాలు: మ–య, ప–ష, ద–ధ–థ, ర–ఠ. రెండోది అచ్చుల నిడివి: కి–కీ, కె–కే, కొ–కో. చిన్న గీత తేడాతో ‘పలక’ ‘పాలక’ అవుతుంది. గుణింతపు గుర్తులు అన్ని హల్లుల మీదా ఒకే ఆకారంలో నిలవవు. ‘కొ’లో కనిపించే గుర్తు ‘మొ’ దగ్గరకు వచ్చేసరికి రూపం మార్చుకుంటుంది. మూడోది ఒత్తులు. త, న, మ, య, ర, ల వంటి హల్లులు ఒత్తుగా మారినప్పుడు మూలరూపం పోల్చుకోలేనంతగా మారతాయి.

అన్నిటికంటే కష్టమైనది ధ్వని క్రమానికీ రాత క్రమానికీ మధ్య ఎడం. ‘రాత్రి’లో చెవికి వినిపించే వరుస త్, ర్, ఇ. కంటికి కనిపించేది ఇకారపు గుర్తుతో ‘త’, దాని కింద ర ఒత్తు. చివర వినిపించే అచ్చు మొదటి హల్లు నెత్తిన కూర్చుంటుంది. ధ్వనులను విడదీసి పట్టుకోవడంలోనే ఇబ్బంది ఉన్న పిల్లవాడికి ఇది పెద్ద గండం.

సోదర లిపి అయిన కన్నడంలో సోనాలీ నాగ్ 2007లో ప్రచురించిన అధ్యయనం ఈ విషయానికి బలమిస్తుంది. ఇంగ్లీషు పిల్లలు అక్షరమాలను తొలి ఏడాదుల్లోనే ముగిస్తే, కన్నడ పిల్లల అక్షరజ్ఞానం ప్రాథమిక తరగతుల పొడవునా పెరుగుతూనే ఉంటుందని ఆ పరిశోధన చూపింది. తెలుగుకు కూడా గుణింతాలు, ఒత్తులు కలిపితే పిల్లవాడు గుర్తించవలసిన రూపాలు వందల్లో ఉంటాయి. ఒకటో తరగతిలో వర్ణమాల ముగిసింది కనుక చదవడం వచ్చేసిందనుకోవడం లిపి స్వభావానికే విరుద్ధం.

తప్పులన్నీ వైకల్యానికి ఆనవాళ్లు కావన్నది ఇక్కడ గుర్తుంచుకోవలసిన రెండో సంగతి. ‘ధనం’ను ‘దనం’ అని రాసిన పిల్ల, తన ఇంట్లో మహాప్రాణం పలకరు కనుక విన్నదే రాసింది. శ–స, ణ–న, ళ–ల మార్పులూ అంతే. ‘రాత్రి’ని ‘రాతిరి’ అని రాసినవాడు జనం నోట సజీవంగా ఉన్న రూపాన్నే రాశాడు. ఇంటిమాట వల్ల వచ్చిన తప్పుకు ఒక క్రమం ఉంటుంది, ఎన్నిసార్లు రాయించినా అదే వస్తుంది. అభ్యసన వైకల్యం వల్ల వచ్చిన తప్పు అంత నిలకడగా ఉండదు. ఒకే మాటను ఒకే పేజీలో మూడు రకాలుగా రాసిన సందర్భంలో ఉపాధ్యాయుడు ఆగి చూడాలి. ఎర్రసిరా ఈ తేడా చూడదు. రెండింటికీ ఒకటే గీత.

5. వేగమనే కొలమానం:

మూడో తరగతి పిల్లలు నిమిషానికి కనీసం 60 పదాలు చదవాలన్నది నిపుణ్ భారత్ లక్ష్యాల్లో ఒకటి. తెలుగు వంటి భాషలో ‘పదం’ ఏది? ‘వెళ్ళిపోయాడంటున్నారు’ అన్నది రాతలో ఒక్క పదం. ఇంగ్లీషులో, హిందీలో అదే భావానికి నాలుగైదు పదాలు కావాలి. 2022లో ఎన్.సి.ఇ.ఆర్.టి. నిర్వహించిన మౌలిక అభ్యసన అధ్యయనం 20 భాషలకు వేర్వేరు ప్రమాణాలను నిర్ణయించి ఈ లోపాన్ని కొంత సరిదిద్దింది. ఆ సవరణ తరగతి గదిలోని గోడపత్రాల దాకా చేరితేనే ప్రయోజనం.

వేగానికి మరో ముఖం ఉంది. జర్మన్ వంటి ధ్వన్యనుగుణ రాత గల భాషల్లో డిస్లెక్సియా ఉన్న పిల్లలు తప్పులు తక్కువగా చేస్తారు కానీ చాలా నెమ్మదిగా చదువుతారని హైన్జ్ విమర్ 1990లలోనే చూపాడు. రాసినట్టే పలికే తెలుగులోనూ ఈ నెమ్మది ముఖ్యమైన ఆనవాలు కాగలదు. అయితే బడిలో దానిని దాచిపెట్టే అలవాటు ఒకటుంది. అదే కంఠస్థం. పాఠమంతా నోటికి వచ్చిన పిల్లవాడు పుస్తకం పట్టుకుని గడగడా అప్పజెబుతాడు, వేలు మాత్రం వేరే వరుస మీద ఉంటుంది. తెలియని పేరా ఒకటి ముందుంచితే నిజం బయటపడుతుంది. దానికి యంత్రం అక్కరలేదు.

6. వెండితెర నేర్పినది, నేర్పనిది:

డిస్లెక్సియా అనే మాట భారతీయ మధ్యతరగతి ఇళ్లకు చేరడంలో 2007 నాటి హిందీ చిత్రం ‘తారే జమీన్ పర్’ పాత్ర గణనీయం. పిల్లవాడిని సోమరిగా చూసే తండ్రి, దండించే బడి, అర్థంచేసుకునే చిత్రలేఖన ఉపాధ్యాయుడు అన్న ఆ కథ, ‘చదవడు’ అన్న నిందకూ ‘చదవలేడు’ అన్న వాస్తవానికీ మధ్య దూరాన్ని లక్షలాది ప్రేక్షకులకు చూపింది. ఆ మేలు చిన్నది కాదు.

దాని పరిమితులు కూడా గుర్తించదగినవే. అందులోని ఇషాన్ పట్టణ మధ్యతరగతి బాలుడు. ఇబ్బంది ప్రధానంగా ఇంగ్లీషు అక్షరాల నాట్యంగా కనిపిస్తుంది. ముగింపు చిత్రలేఖన పోటీలో విజయం. ఇసుకలో అక్షరాలు దిద్దించిన ఓపికైన బోధన కొద్ది నిమిషాల్లో గడిచిపోతుంది. ప్రేక్షకుని మనసులో మిగిలేది బహుమతి అందుకున్న బొమ్మ. పోటీలో గెలవని ఇషాన్‌కు కూడా ఆ ఉపాధ్యాయుడు అంతే అవసరమన్న ఎరుకను సినిమా బలంగా మిగల్చలేదు. మండల కేంద్రానికి దూరంగా ఉన్న ఏకోపాధ్యాయ పాఠశాలకు అలాంటి ఉపాధ్యాయుడు అతిథిగా వచ్చే అవకాశమూ లేదు. తోడ్పాటు ఒక మహానుభావుని రాకమీద కాక, రోజువారీ పద్ధతిమీద నిలబడాలి.

7. తోడ్పాటు రూపం:

తెలుగు రాష్ట్రాల్లో సహిత విద్యకు మండల స్థాయి ఆధారం భవిత కేంద్రాలు. ప్రత్యేక అవసరాలు గల పిల్లలకు విద్య, ఫిజియోథెరపీ వంటి సేవలను అందించే ఈ కేంద్రాలు తల్లిదండ్రులకు పెద్ద ఊరట. మస్తిష్క పక్షవాతం, బహుళ వైకల్యాలు ఉన్న పిల్లలకు అవి అత్యవసరం. అయితే తేలికపాటి ఇబ్బంది ఉన్న పిల్లవాడు రోజంతా గడిపేది తన ఊరి బడిలోనే. కేంద్రం ఉన్నది కదా అని తరగతి ఉపాధ్యాయుడు బాధ్యత దింపుకుంటే సహిత విద్య పేరుకే మిగులుతుంది.

పరీక్షల సమయంలో ఇచ్చే వెసులుబాట్లదీ అదే తీరు. అదనపు సమయం, లేఖకుని సాయం, రెండో, మూడో భాషల నుంచి మినహాయింపు చట్టం ఇచ్చిన హక్కులు. అవి పిల్లవాడిని పరీక్ష గట్టెక్కిస్తాయి. చదవడం నేర్పవు. ఆ పని ఒకటి, రెండు తరగతుల్లోనే జరగాలి.

తరగతి గదిలో చేయగల పనులు అసాధ్యమైనవి కావు. ముందుగా చూపు, వినికిడి పరీక్ష చేయించాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ఇందుకు ఉన్న మార్గమే. తరువాత పోలికగల అక్షరాలను ఒకే వారంలో నేర్పకుండా ఎడంగా నేర్పడం, ఒత్తు అక్షరాలను చప్పట్లతో ధ్వనులుగా విడదీసి పలికించడం, రాతలో తడబడే పిల్లవాడు విషయం నోటితో చెప్పినా అంగీకరించడం, పిల్లవాడి తప్పులను తేదీలతో ఒక పుస్తకంలో నమోదు చేయడం. ఈ చివరిది అన్నిటికంటే విలువైనది. ఆరు నెలల ఆ పుస్తకం, తరువాత వచ్చే నిపుణునికి ఏ పరీక్షాపత్రమూ ఇవ్వలేని సమాచారాన్ని ఇస్తుంది.

ఇంద్రియాలన్నిటినీ వాడే బోధన పాశ్చాత్య దేశాల్లో ఆర్టన్–గిలింగ్‌హామ్ పద్ధతిగా స్థిరపడింది. బియ్యంలో వేలితో అక్షరం దిద్దించే అక్షరాభ్యాసం, ఇసుకలో ఓనమాలు దిద్దించిన వీధిబడి తెలుగువారికి కొత్తవి కావు. వేలికి, కంటికి, నోటికి ఒకేసారి పని చెప్పే మెలకువ వాటిలో ఉంది. అదే వీధిబడిలో కోదండం వేయడం కూడా ఉండేది. సంప్రదాయంలో ఇసుకను నిలుపుకుని కోదండాన్ని వదలాలి. విద్యాహక్కు చట్టం, 2009లోని 17వ సెక్షన్ శారీరక దండనతోపాటు మానసిక వేధింపునూ నిషేధించింది. ‘శుంఠ’ అన్న పిలుపు ఆ రెండో దానికిందికే వస్తుంది.

8. అభ్యంతరాలు – సమాధానం:

ధ్రువీకరణ లేకుండా సాయం మొదలుపెడితే అనవసరంగా ఎందరో పిల్లల మీద ముద్ర పడుతుందన్నది ఒక అభ్యంతరం. ముద్రకూ సాయానికీ ముడి తెగితే ఈ భయానికి ఆధారం ఉండదు. ఒత్తులను మరోసారి, మరో విధంగా నేర్పినందువల్ల ఆ అవసరం లేని పిల్లవాడికి నష్టమేమీ లేదు. అవసరం ఉండి అందని పిల్లవాడికి మాత్రం మూడేళ్లు పోతాయి. అమెరికాలో 2004 నాటి వికలాంగ విద్యా చట్ట సవరణ ఈ దిశలోనే నడిచింది. తెలివికీ సాధనకూ మధ్య అంతరం పెరిగేదాకా వేచి ఉండకుండా, అదనపు బోధనకు పిల్లవాడు స్పందించే తీరును గుర్తింపులో పరిగణించేందుకు అది వీలు కల్పించింది.

ఉపాధ్యాయుల పనిభారం రెండో అభ్యంతరం. ఇది న్యాయమైనది. ఐదు తరగతులను ఒకరే చూసే చోట ప్రత్యేక శ్రద్ధ అన్నది ఉపన్యాసంలోనే సాధ్యం. అందుకే ప్రత్యేక ఉపాధ్యాయుల నిష్పత్తిని ధ్రువపత్రాల సంఖ్యకు కాక, తరగతి స్థాయికి వెనకబడి ఉన్న పిల్లల సంఖ్యకు ముడిపెట్టాలి. తెలుగుకు తగిన పరీక్షా సాధనాలూ కావాలి. జాతీయ మెదడు పరిశోధన కేంద్రం రూపొందించిన ‘డాలి’ సాధనం తొలిదశలో హిందీ, మరాఠీ, కన్నడ, ఇంగ్లీషు భాషలకు వచ్చింది. కన్నడానికి సాధ్యమైనది తెలుగుకు అసాధ్యం కాదు. గుణింతం, ఒత్తు, మాండలికం ఈ మూడింటినీ విడివిడిగా చూడగల సాధనాన్ని తయారుచేయడం తెలుగు శాఖలు, విద్యాశాఖలు, సికింద్రాబాద్‌లోని జాతీయ మేధో వైకల్యాల సంస్థ కలిసి చేయదగిన పని. భాషాశాస్త్రం లేకుండా మనస్తత్వశాస్త్రం ఒక్కటే ఈ పని చేయలేదు.

9. ముగింపు:

అభ్యసన వైకల్యం పుట్టుకతో వచ్చేదే కావచ్చు. దానివల్ల కలిగే వెనకబాటు ఎంత అన్నది మాత్రం చాలావరకు బడిలో నిర్ణయమవుతుంది. 2016 చట్టం బడికి బోధనా బాధ్యతను అప్పగించింది. ఆచరణ దానిని వైద్య ధ్రువీకరణగా కుదించింది. ఇంగ్లీషు నుంచి అరువు తెచ్చుకున్న లక్షణాల జాబితా తెలుగు పిల్లవాడి అసలు ఇబ్బందిని చూడనివ్వలేదు. ప్రతిభ పేరుతో వచ్చిన గౌరవవాచకాలు, పోటీలో గెలుపుతో ముగిసే కథలు అవసరాన్ని మరుగుపరిచాయి.

ధ్రువపత్రం పింఛనుకు, రాయితీకి, పరీక్షా వెసులుబాటుకు అవసరం కావచ్చు. ‘రాత్రి’ని మళ్లీ విడదీసి నేర్పడానికి అవసరం లేదు. ఏడేళ్ల పిల్లవాడు ఒత్తు దగ్గర ఆగిపోయినప్పుడు, అతడి ఇబ్బందికి శాస్త్రం పెట్టిన పేరు తెలిసే దాకా బడి కూడా అతడితోపాటు ఆగిపోనక్కరలేదు.